పన్ను ఊడిపడితే ముందు పాలు తెప్పించండి



నిరుడు ఒక మధ్యాహ్నం గేమ్స్ పీరియడ్‌లో ఇద్దరు అబ్బాయిలు ఒకే బంతి కోసం పరిగెత్తి ఢీకొన్నారు. ఒకరి నుదురు ఇంకొకరి నోటికి తగిలింది. ఆరో తరగతి బాబుది పై వరుస ముందరి పన్ను ఒకటి, వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. దగ్గర్లో ఉన్నది నేనే. పన్ను తీసుకుని, ట్యాప్ కింద పెట్టి, మట్టి పూర్తిగా పోయేదాకా వేలితో రుద్ది కడిగాను. టిష్యూ పేపర్‌లో చుట్టి, వాళ్ల నాన్నగారు వచ్చాక ఆయన చేతిలో పెట్టాను. చాలా జాగ్రత్తగా చేశాననే అనుకున్నాను. ఆయన బండి మీద బాబును హిందూపురం తీసుకెళ్లేసరికి గంటన్నర దాటింది. అక్కడ డెంటిస్ట్ అడిగిన మొదటి ప్రశ్న, "దీన్ని ఇంతగా ఎవరు రుద్దారు?" అని.

పన్నును తిరిగి పెట్టారు. కానీ ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పలేమన్నారు. ఆ మాట నాన్నగారు నాతో ఫోన్‌లో చెప్పినప్పుడు ఏం బదులు చెప్పాలో తెలియలేదు. బీఈడీలో కట్టు కట్టడం నేర్పారు, కాలిన గాయాల గురించి చెప్పారు. పన్ను గురించి ఒక్క ముక్క విన్నట్టు గుర్తులేదు. అందుకే ఈ నెల ఈ పేజీని అడిగి తీసుకున్నాను.

అసలు ప్రాణం వేరు మీద ఉంటుంది

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరు చుట్టూ సన్నని పీచులాంటి పొర ఉండి, పన్నును ఎముకకు పట్టి ఉంచుతుంది. పన్ను ఊడినప్పుడు ఆ పొరలో సగం దవడలో, సగం వేరును అంటుకుని ఉంటుంది. వేరు మీద మిగిలిన ఆ కణాలు బతికి ఉంటేనే పన్ను మళ్లీ మామూలుగా అతుక్కుంటుంది. గాలికి ఆరిపోతే అరగంటలోనే వాటిలో చాలా భాగం చచ్చిపోతాయి. గంట దాటితే దాదాపు ఏమీ మిగలవు. నేను వేలితో రుద్ది తీసేసింది మట్టిని ఒక్కదాన్నే కాదన్నమాట. టిష్యూ పేపర్ మిగిలిన తడిని కూడా పీల్చేసింది.

కణాలు చనిపోయాక పెట్టినా పన్ను కొంతకాలం నిలబడుతుంది. కానీ వేరు నేరుగా ఎముకకే అతుక్కుపోయి మెల్లగా కరిగిపోతుంది. ఎదిగే పిల్లల్లో దవడ పెరుగుతూ పోతుంది, ఆ ఒక్క పన్ను మాత్రం అక్కడే ఆగిపోయి మిగతావాటికంటే పొట్టిగా కనబడుతుంది. అయినా ఆలస్యమైందని పన్నును పారేయకండి. కొన్నేళ్లు నిలిచినా అక్కడి ఎముక తగ్గిపోకుండా కాపాడుతుంది.

ఊడిన పన్నును తెల్లగా కనిపించే భాగం దగ్గరే పట్టుకోండి. వేరును ముట్టుకోవద్దు. మట్టి ఉంటే చల్లని పాలతో, పాలు లేకపోతే మంచినీళ్లతో కొన్ని సెకన్లు మాత్రం తొలవండి. రుద్దడం, సబ్బు, డెటాల్ వద్దు. బిడ్డ స్పృహలో ఉండి, మాట వినే వయసుంటే పన్నును వెంటనే దాని చోటులో పెట్టేయడమే అన్నిటికన్నా మంచి పని. పక్క పన్నును చూసి ముందు వైపు ఏదో, నాలుక వైపు ఏదో సరిచూసుకుని, మెల్లగా లోపలికి నొక్కి, శుభ్రమైన కర్చీఫ్‌ను కొరికి పట్టుకోమనాలి. చదవడానికే భయంగా ఉందని తెలుసు. నాకూ ధైర్యం చాలకపోవచ్చు.

ధైర్యం చాలకపోతే చల్లని పాలలో వేయండి. పాలలో ఆ కణాలు కొన్ని గంటలు బతుకుతాయి. ఫ్రిజ్‌లోని ప్యాకెట్ పాలు బాగా పనికొస్తాయి. టీ కొట్టులో మరుగుతున్న పాలు పనికిరావు, చక్కెర కలిపినవీ వద్దు. పాలు దొరకకపోతే ఒక గ్లాసులో బిడ్డ చేతే ఉమ్మి వేయించి పన్నును అందులో ఉంచండి. మామూలు నీళ్లలో నానబెట్టడం అంత మంచిది కాదు, కానీ ఎండబెట్టడం కంటే నయమే. మనకు చిలమత్తూరు నుంచి హిందూపురమైనా, కొడికొండ చెక్‌పోస్ట్ దాటి బాగేపల్లి అయినా, బండి దొరికి డాక్టర్ కనబడేసరికి గంట ఇట్టే గడిచిపోతుంది. బెంగళూరులో ఉన్నవాళ్లకంటే మనకే ఆ గ్లాసు పాల అవసరం ఎక్కువ.

డాక్టర్ పన్నును సరిచేసి పక్క పళ్లకు సన్నని తీగతో రెండు వారాల పాటు కడతారు. వేరు పూర్తిగా తయారైన పన్నయితే ఆ రోజుల్లోనే రూట్ కెనాల్ కూడా చేయాల్సి వస్తుంది. టెటనస్ టీకా ఎప్పుడు వేయించారో అడుగుతారు కాబట్టి టీకాల కార్డు వెంట తీసుకెళ్లండి.

పాలపన్నా, కాదా?

ఇది తెలియకపోతే పైన చెప్పినదంతా తిరగబడుతుంది. పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు. దాని పైనే చిగురులో రాబోయే పన్ను తయారవుతూ ఉంటుంది. నొక్కితే అది దెబ్బతింటుంది. రక్తం ఆగేలా గుడ్డ అదిమిపట్టి డెంటిస్ట్‌కు చూపిస్తే చాలు.

ముందరి పళ్లు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య మారతాయి. ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా ఒకే నోట్లో రెండు రకాలూ ఉంటాయి. కొత్త పన్ను పెద్దగా, కాస్త పసుపుగా ఉంటుంది. అంచున రంపంలా చిన్న పళ్లు కనబడతాయి. ఎటూ తేల్చుకోలేకపోతే పాలలో వేసి తీసుకెళ్లండి, డాక్టరే చెబుతారు. ఊడిన పన్నును పేడలో పెట్టి మిద్దె మీదికి విసరడం మన ఊళ్లలో పిల్లలకు సంబరం. విసిరే ముందు ఒక్కసారి చూడండి. తనంతట తాను ఊడిన పాలపన్నుకు వేరు దాదాపు ఉండదు. పొడుగాటి వేరు ఉంటే దాన్ని మిద్దెకు పంపకండి.

ఇంకో సంగతి. ఆరేళ్లకు పాలపళ్ల వెనకాల కొత్తగా వచ్చే దవడపన్ను శాశ్వతమైనదే. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుని, పుచ్చినా "ఎలాగూ ఊడేదే కదా" అని వదిలేస్తారు.

విరిగినా, కదిలినా, రంగు మారినా

విరిగిన ముక్క దొరికితే అదీ పాలలోనో నీళ్లలోనో వేసి తీసుకెళ్లండి. చాలాసార్లు దాన్నే అతికించవచ్చు. దొరకకపోతే, పెదవి తెగి ఉంటే, ముక్క పెదవి లోపల ఇరుక్కుందేమో చూడమని డాక్టర్‌ను అడగండి. విరిగిన చోట ఎర్రని చుక్క కనిపిస్తే లోపలి నరం బయటపడినట్టు. అది ఆ రోజే చూపించాల్సిన దెబ్బ. పన్ను పక్కకు జరిగినా, చిగురులోకి దిగిపోయినా అంతే.

కొన్నిసార్లు దెబ్బ రోజున ఏమీ కనబడదు. వారాలు గడిచాక ఆ ఒక్క పన్ను బూడిద రంగులోకి మారుతుంది. లోపల నరం చనిపోయిందేమో అనుమానించాలి. మన జిల్లాలో ఇక్కడే ఒక చిక్కు ఉంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మరకలు మనకు అలవాటైపోయాయి. ఈ జబ్బును మన దేశంలో వైద్యులు మొదట నమోదు చేసింది కూడా తెలుగు నేల మీదే, 1937లో నెల్లూరు జిల్లాలో. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు లేనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ ప్రమాణాలు చెబుతున్నాయి. అలా నీళ్ల వల్ల వచ్చే మరకలు ఎడమా కుడీ జతగా చాలా పళ్ల మీద ఉంటాయి. దెబ్బ వల్ల మారే రంగు ఒక్క పన్నుకే ఉంటుంది. "మా ఊరి నీళ్లే అంత, మేడమ్" అని ఒక్క పన్ను నలుపును తీసిపారేయకండి.

నొప్పి వేరు, వాపు వేరు

రాత్రి పంటినొప్పికి మన ఇళ్లలో చేసే వైద్యాల్లో లవంగం వల్ల పెద్ద హాని లేదు. జిల్లేడు పాలు చిగుళ్లను కాలుస్తాయి. కర్పూరం మింగితే పిల్లలకు ఫిట్స్ రావచ్చు. నశ్యం, గుడాకు అద్దడం పిల్లలకు పొగాకును పరిచయం చేయడమే. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెడితే పుండు పడుతుంది, పిల్లలకు అసలు మింగించకూడదు కూడా. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించండి. పారాసెటమాల్ ఇవ్వాలంటే బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లు మించకుండా. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ నొప్పిని రెండు రోజులు మూసిపెట్టవచ్చు, పన్ను లోపలి చీము మాత్రం అక్కడే ఉంటుంది.

దవడ వాచిందంటే లెక్క మారుతుంది. వాపు ఉంటే మరుసటి రోజు దాకా ఆగకండి. దానికి జ్వరం తోడైతే, వాపు కంటి దాకా పాకితే, గడ్డం కింద గట్టిపడితే, నోరు తెరవలేకపోతే, మింగలేకపోతే, ఊపిరి ఇబ్బందిగా ఉంటే డెంటల్ క్లినిక్ కాదు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి. వాచినచోట వేడి కాపడం పెట్టకండి. 2007లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పన్నెండేళ్ల బాబు పుచ్చిన పన్ను నుంచి ఇన్‌ఫెక్షన్ మెదడుకు పాకి చనిపోయాడు. 80 డాలర్లతో పన్ను పీకించి ఉంటే సరిపోయేదని అక్కడి పత్రికలు రాశాయి. అంత డబ్బున్న దేశంలోనూ పన్నునొప్పిని చిన్నదిగానే చూశారు.

తల కూడా తగిలి ఉంటే పన్ను రెండో విషయం. స్పృహ తప్పినా, వాంతులైనా, పళ్లు మునుపటిలా ఒకదానిమీద ఒకటి కూర్చోకపోయినా (దవడ విరిగి ఉండవచ్చు) ముందు ఆసుపత్రికే వెళ్లాలి.

స్కూల్లో మేం మార్చుకున్నవి

స్టాఫ్ రూమ్ ఫ్రిజ్‌లో ఇప్పుడు రోజూ ఒక పాల ప్యాకెట్ టీకి వాడకుండా పక్కన పెడుతున్నాం. మరుసటి ఉదయం దాన్ని టీకి వాడి, కొత్తది పెడతాం. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో మూత ఉన్న చిన్న డబ్బా చేరింది. దంత గాయాల అంతర్జాతీయ సంఘం వాళ్ల టూత్ ఎస్ఓఎస్ అనే ఉచిత యాప్‌ను పీఈటీ సార్ ఫోన్‌లో వేసుకున్నారు. మీరూ వేసుకోవచ్చు.

మీ నుంచి రెండు కావాలి. డైరీ మొదటి పేజీలో పగటిపూట తప్పకుండా ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి, మీరు దూరంలో ఉంటే వెంటనే రాగలిగిన బంధువుది ఇంకొకటి రాయండి. ఊడిన శాశ్వత పన్నును మేమే తిరిగి పెట్టడానికి ప్రయత్నించవచ్చా, లేక పాలలో వేసి మీకోసం ఆగాలా అన్నది కూడా అక్కడే రాసి సంతకం చేయండి. ఆ నిమిషంలో ఫోన్ చేసి అడుగుతూ కూర్చుంటే పన్ను ఆరిపోతుంది. ఆ బాబు ఇప్పుడు ఏడో తరగతి. పన్ను ఇంకా ఉంది, మూడు నెలలకోసారి చూపిస్తున్నారు.