మసీదు గుమ్మం ముందు మురుగు

వానాకాలంలో కోనసీమలో ఏ మొహల్లాకైనా వెళ్లి చూడండి. మసీదు లోపల నేల అద్దంలా ఉంటుంది. వుజూ చేసుకోవడానికి వరసగా కుళాయిలుంటాయి. నమాజు ముగించి గుమ్మం దిగితే మాత్రం మడమల దాకా బురద! కువైట్ వెళ్లినవారు పంపిన సొమ్ముతో డాబాలు లేచాయి, ప్రహరీలు లేచాయి. ప్రహరీ బయట ఉన్న వీధి, దాని పక్కన పారే మురుగు ఎవరివీ కావు. అడిగితే 'పంచాయతీ వాళ్లు చూసుకోవాలి' అంటాం.

పంచాయతీ వాళ్లంటే ఎవరు? 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. సర్పంచి ఎంత సభ్యుడో, వీధి చివర పంక్చర్లు వేసే కుర్రవాడూ అంతే. ఏ పనికి ముందు డబ్బు పెట్టాలో అడిగే చోటు అదే. జుమాకు వచ్చేవారిలో పదోవంతు మందిమైనా గ్రామసభకు వెళ్తున్నామా?

నేనీ మాట అనుభవం మీద రాస్తున్నాను. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగాయి. నేను కొత్తగా పాఠాలు చెబుతున్న ఊళ్లో మసీదు పెంకులన్నీ ఎగిరిపోయాయి. జమాత్ వారు చందాలు వేసుకుని, రెండు నెలల్లో రంజాను వచ్చేసరికి కప్పు నిలబెట్టారు. అదే సమయంలో, 1997 జనవరిలో, రాష్ట్ర ప్రభుత్వం జన్మభూమి కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరివాళ్లు పని ఎంచుకుని, ఖర్చులో తమ వాటాను డబ్బుగానో శ్రమదానంగానో ఇస్తే మిగతాది ప్రభుత్వం భరించేది. మా ఊరి సభ బడి వరండాలో జరిగింది. మా మొహల్లా నుంచి ఒక్కరూ వెళ్లలేదు. పనుల జాబితాలో మా వీధి లేదు. అన్యాయం జరిగిందని వారం రోజులు మసీదు అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. నిజానికి అన్యాయం చేసినవారు లేరు, అడిగినవారే లేరు.

తర్వాతి విడతకు వెళ్లాం. పొదుపు సంఘం ఆడవాళ్లు ఆరుగురు కూడా బుర్ఖాలు వేసుకుని వచ్చి కూర్చున్నారు. మగవాళ్లం సిమెంటు రోడ్డు అడిగితే వారు 'ముందు కాలువ' అన్నారు. రోడ్డు ఎత్తు పెరిగితే నీళ్లు ఇళ్లలోకి వస్తాయని వారికి తెలుసు. ఆ నీళ్లు తోడేది వారే కదా! ఉన్నవారు వాటా డబ్బిచ్చారు, లేనివారు పలుగు పట్టారు. చిక్కల్లా ఒకచోట వచ్చింది. మొహల్లా పెద్దమనిషి ఒకాయన ప్రహరీ జానెడు వీధిలోకి జరిగి ఉంది. ఆయనతో చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. జుమా బయానులో నేను, పరుల నేలను జానెడైనా అన్యాయంగా ఆక్రమించుకున్నవారికి దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను వివరించాను. పేరెత్తలేదు. గోడ జరిగింది. ఆయన మాత్రం రెండేళ్లపాటు నా సలాముకు జవాబివ్వలేదు.

జన్మభూమికి స్ఫూర్తి దక్షిణ కొరియాలోని సెమౌల్ ఉద్యమం. 1970లో అక్కడి ప్రభుత్వం 33 వేలకు పైగా గ్రామాలకు, ఊరికి 335 బస్తాల చొప్పున సిమెంటు ఇచ్చి, ఏం కట్టుకోవాలో మీరే కూర్చుని తేల్చుకోండి అంది. దాన్ని బాగా వాడుకున్న సుమారు 16 వేల గ్రామాలకే రెండో విడతలో 500 బస్తాలు, ఒక టన్ను ఇనుము దక్కాయి. మన దగ్గర చాలాచోట్ల ప్రజల వాటాను కాంట్రాక్టరే కట్టి పని చేజిక్కించుకున్నాడన్న విమర్శ వచ్చింది. వాటా వాడిదైతే పనీ వాడిదే. సిమెంటు తక్కువ కలిపినా మనకు అడిగే నోరుండదు.

హిజ్రీ 5వ సంవత్సరంలో మదీనా చుట్టూ కందకం తవ్వాలన్న సలహా హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఇచ్చారు. ఆయన పరాయి దేశం నుంచి వచ్చినవారు. అయినా ఆయన మాట నెగ్గింది. పది మందికి నలభై మూరల చొప్పున పని పంచారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ప్రవక్త (స) స్వయంగా మట్టి మోశారు.

వీధి కాలువకు జకాత్ సొమ్ము ఇవ్వవచ్చా అని కొందరు అడుగుతుంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం కుదరదు. జకాత్ చెల్లాలంటే ఆ సొమ్ముకు పేదవాణ్ణి యజమానిని చేయాలి. దీన్నే తమ్లీక్ అంటారు. సదఖా సొమ్ము నిస్సందేహంగా ఇవ్వవచ్చు. హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని ప్రజలకు వదిలింది అలాగే. మసీదుకు ఏసీ కొనడానికి రశీదు పుస్తకం పట్టుకు తిరిగేవారు, కాలువ కోసం ఒక్కసారి తిరిగి చూడాలి.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. ముఖ్యమంత్రి వచ్చి కూర్చున్నది మన కొత్తపేట మండలంలోని వానపల్లి సభలోనే. ఉపాధి హామీ కింద చేపట్టాల్సిన పనులకు ఆరోజు ఊళ్లలో తీర్మానాలయ్యాయి. తీర్మానం అయ్యాక కూడా వదలకూడదు. అంచనా ఎంత, ఎం.బుక్‌లో ఎన్ని మీటర్లు రాశారు, నేల మీద ఎన్ని ఉన్నాయి అని టేపు పట్టి చూసుకోవాలి. చదువుకున్న మన కుర్రాళ్లకు ఇది గంట పని.

మా కాలువ సంగతి ఇంకొంత ఉంది. కోనసీమ పల్లపు నేల. కాలువ తవ్వితే నీరు ఎక్కడికో పోవాలి. మాది మొహల్లా చివర ఆగిపోయి, పక్క పేటలో హిందూ సోదరుల వాకిళ్లు ముంచింది. వారు వచ్చి గట్టిగానే అడిగారు. తప్పు మాదే. మా వీధి దాకానే ఆలోచించాం. మూడో విడతలో రెండు పేటలవారం ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టి, కాలువను ఊరి పెద్ద డ్రెయిన్‌లో కలిపించుకున్నాం. ఏటా మృగశిర కార్తెకు ముందు రెండు పేటలవారం కలిసి పూడిక తీయాలని ఒప్పందం. పోయిన ఏడాది తెల్లవారేసరికి పారలు పట్టుకుని ఆ పేటవారు ఇరవైమంది నిలబడ్డారు. మన వైపు నుంచి వచ్చింది నలుగురం.