ఒకే ఆర్కిడ్‌కి ఇన్ని రంగులెందుకు?

సెలవుల్లో నల్లమల అడవులకు వెళ్తే, చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్ కనిపించవచ్చు. ఒక మొక్క పూలు పసుపుపచ్చగా, ఇంకోదానివి బూడిద నీలంగా ఉంటాయి. రెండూ ఒకే జాతి!

ఎందుకు?
పూరేకుల్లో ఏ వర్ణకం ఎంత తయారవ్వాలో జన్యువులు నిర్ణయిస్తాయి. అవి మొక్కమొక్కకీ కాస్త మారతాయి. ఎండ, పువ్వు వయసు కూడా రంగును మారుస్తాయి.

ఎలా గుర్తించాలి?
రంగొక్కటే చూస్తే పొరబడతాం. పట్టీల్లాంటి దళసరి ఆకులు, రేకులపై గళ్ల గీతలు, మూడు తమ్మెల పెదవిరేకు అన్నీ సరిపోవాలి. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో 1795లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో ఈ ఆర్కిడ్‌ను బొమ్మతో సహా వర్ణించాడు.

పువ్వును ఎదురుగా, పక్కనుంచి ఫొటో తీయండి, ఆకునూ తీయండి. మొక్కను మాత్రం పీకొద్దు.