స్కూలుకి, ఆఫీసుకి సెకండ్ హ్యాండ్ కారు: టర్బో తీసుకోవచ్చా?

జూన్ 12న స్కూళ్లు తెరిచేలోపు కారు కొనేయాలనుకునే ఇళ్లు ప్రతి వేసవిలోనూ కొన్ని ఉంటాయి. ఇద్దరు పిల్లలు, రెండు బ్యాగులు, రెండు లంచ్ బాక్సులతో స్కూటర్ మీద వానాకాలం గడపడం ఎంత కష్టమో తెలియడానికి ఒక్క జులై నెల చాలు. కొత్త కారు ఈఎంఐ, పిల్లల ఫీజు ఒకేసారి మీద పడితే భారం కాబట్టి చాలామంది సెకండ్ హ్యాండ్ వైపు చూస్తారు. అక్కడ ఈ మధ్య ఒక కొత్త ప్రశ్న ఎదురవుతోంది. ఒకే మోడల్, ఒకే సంవత్సరం, ధరలో పెద్ద తేడా లేదు. ఒకటి మామూలు పెట్రోల్, ఇంకోటి టర్బో. ఏది తీసుకోవాలి?

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మీ కారు రోజూ తిరిగేది స్కూలు, ఆఫీసు, కూరగాయల మార్కెట్ అయితే టర్బో లేని పెట్రోల్ కారే మేలు. టర్బో చెడ్డదని కాదు. మీకంటే ముందు దాన్ని నడిపినవారు ఎలా చూసుకున్నారో ఆ కారు మరిచిపోదు, అంతే.

టర్బో చేసే పని చాలా సులువుగా అర్థమవుతుంది. ఇంజన్ నుంచి సైలెన్సర్ గుండా బయటికి పోయే వేడి పొగలో చాలా శక్తి వృథాగా పోతుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడితే అది గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో వైపున్న చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ పెట్రోల్ మండించవచ్చు, చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్‌లా లాగుతుంది. 2019లో వచ్చిన హ్యుందాయ్ వెన్యూ దీనికి మంచి ఉదాహరణ. అందులో 1.2 లీటర్ల మామూలు ఇంజన్ శక్తి సుమారు 83 హార్స్ పవర్. అంతకన్నా చిన్నదైన 1 లీటర్ టర్బో ఇంజన్‌ది 120. అంకెలకన్నా ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. మామూలు ఇంజన్ పూర్తి లాగుడు 4000 ఆర్‌పీఎం దగ్గర దొరికితే, టర్బోలో అది 1500 దగ్గరే మొదలవుతుంది. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, విజయవాడ హైవే మీద లారీని దాటేటప్పుడు గేరు తగ్గించకుండానే బండి ముందుకి పోతుంది. నడిపినవాళ్లకి నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

ఇక దీని రెండో ముఖం. ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతుంది. ఒక పక్క నిప్పులాంటి పొగ, ఇంకో పక్క బయటి గాలి. ఇంత వేగంలో, ఇంత వేడిలో దాన్ని కాపాడేది ఇంజన్ ఆయిల్ పలుచటి పొర మాత్రమే. ఆయిల్ పాతదైనా, మురికిదైనా, తక్కువైనా ముందుగా దెబ్బతినేది టర్బోనే. మామూలు ఇంజన్ ఒకటి రెండు సర్వీసింగులు ఆలస్యమైనా కొంతకాలం ఓర్చుకుంటుంది. టర్బో అంత ఓర్చుకోదు. మార్చాల్సి వస్తే బిల్లు అర లక్ష దాటడం మామూలే.

మరి టాక్సీల సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. మన రోడ్ల మీద రెండు మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ డిజైర్లన్నిటిలోనూ ఉన్నది టర్బోనే. ఈ కాలపు డీజిల్ కారు ఏదైనా టర్బో కారే. అవి అంతకాలం నిలబడటానికి కారణం, పొద్దున స్టార్ట్ చేస్తే రాత్రి దాకా ఇంజన్ వేడి మీదే ఉండటం, కిలోమీటర్లు త్వరగా తిరిగిపోవడంతో ఆయిల్ కూడా త్వరత్వరగా మారడం. స్కూలు బండి జీవితం దీనికి పూర్తిగా తలకిందులు. నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆగుతుంది, సాయంత్రం మళ్లీ నాలుగు. ఇంజన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆఫ్ అవుతుంది. మండని పెట్రోల్, తేమ ఆయిల్‌లో కలుస్తాయి. అందుకే చాలా కంపెనీల ఓనర్స్ మాన్యువల్‌లో దగ్గరి ప్రయాణాలను, ఆగి ఆగి నడిపే ట్రాఫిక్‌ను కఠిన వాడకం కిందే లెక్కేసి, ఆయిల్ ఇంకా ముందుగా మార్చమని రాస్తారు. ఆ పేజీ చదివేవారు తక్కువ.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మన ఊళ్లలో అమ్మకానికొచ్చే ప్రతి కారూ ఎందుకో ఒక డాక్టర్ గారిదే అయి ఉంటుంది. "సార్, సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి, ఆరేళ్లలో ఇరవై ఎనిమిది వేలే తిరిగింది" అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆరేళ్లకి 28,000 అంటే రోజుకి సగటున 13 కిలోమీటర్లు కూడా లేదు. అన్నీ చిన్న ప్రయాణాలే అయి ఉండవచ్చు. పది వేల కిలోమీటర్లు నిండితేనే సర్వీసింగ్ అనుకునే యజమాని అయితే ఇన్నేళ్లలో ఆయిల్ రెండు సార్లే మారి ఉంటుంది. మాన్యువల్ చెప్పేది ఇన్ని కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని. టర్బో కారు విషయంలో, బిల్లులన్నీ చూపించగలిగిన 70,000 కిలోమీటర్ల హైవే బండి, బిల్లుల్లేని ఈ 28,000 బండికన్నా నయం. బిల్లులు పోయాయంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పి పాత చరిత్ర తీయించమని అమ్మేవారినే అడగండి. తేదీలు, కిలోమీటర్లు వరుసలో ఉన్నాయో లేదో చూస్తే మీటర్ వెనక్కి తిప్పిన సంగతి కూడా అందులోనే బయటపడుతుంది.

డీజిల్ మాటెత్తాం కాబట్టి ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు హైవే మీద కాస్త సేపు ఆగకుండా నడపాలి. స్కూలు, ఇల్లు తప్ప ఎక్కడికీ పోని డీజిల్ కారులో ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది. అలాంటి వాడకానికి డీజిల్ వద్దు.

టర్బో గురించి ఇంత ఆలోచించేవారు గేర్‌బాక్స్ గురించి ఆలోచించరు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నిజానికి ముందు చూడాల్సింది అదే. వెన్యూ టర్బో ఆటోమేటిక్‌లో, పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్నది డ్రై డ్యూయల్ క్లచ్. ఖాళీ రోడ్డు మీద బ్రహ్మాండంగా ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ అడుగడుగున ఆగే చోట మాత్రం క్లచ్ వేడెక్కుతుంది. రోజూ ఇలా అయితే త్వరగా అరుగుతుంది. టర్బో మీద పడే నిందలో కొంత నిజానికి ఈ క్లచ్‌దే. మాన్యువల్ గేర్లకి అలవాటుపడ్డవారికి భయం లేదు. ఆటోమేటిక్ కావాలంటే ఏఎంటీ కాస్త కుదుపుతుంది కానీ సులువైన యంత్రం. పాత బాలెనోలో, అమేజ్‌లో దొరికే సీవీటీ మెత్తగా ఉంటుంది. ఏది చూసినా టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున కాదు, పనిరోజు సాయంత్రం ఆరింటికి చేయండి. ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో ఉంటే గేర్‌బాక్స్ అసలు గుణం తెలిసిపోతుంది.

పిల్లలు ఎక్కే కారు కాబట్టి ఇంకో తూకం కూడా వేయాలి. టర్బో లేని కార్లలో ఎక్కువ దొరికేది, మెకానిక్ ఎక్కడైనా ఉండేది స్విఫ్ట్. కానీ 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అప్పటి స్విఫ్ట్‌కి వచ్చింది రెండు స్టార్లే. అదే ఏడాది టాటా నెక్సాన్‌కి పెద్దల రక్షణలో ఐదు, పిల్లల రక్షణలో మూడు వచ్చాయి. నెక్సాన్ పెట్రోల్ వచ్చిందే టర్బోతో, అందులో మామూలు ఇంజన్ లేదు. అంటే ఒక పక్క సులువైన ఇంజన్, ఇంకో పక్క గట్టి బాడీ. రెండూ కావాలంటే టాటా ఆల్ట్రోజ్ 1.2 పెట్రోల్ చూడవచ్చు. టర్బో లేదు, 2020లో అదే పరీక్షలో పెద్దలకు ఐదు స్టార్లు తెచ్చుకుంది. నెక్సాన్ మీదే మనసుంటే వదులుకోనక్కర్లేదు, సర్వీస్ బిల్లుల విషయంలో మాత్రం మొహమాటపడకండి. ఏ కారైనా 2022కి ముందుదైతే, కింది వేరియంట్‌లో ముందు సీటు ప్యాసింజర్‌కి ఎయిర్‌బ్యాగ్ ఉందో లేదో చూడండి.

కారు చూడటానికి వెళ్లే ముందు ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు స్టార్ట్ చేశారో అడగాల్సిందే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలు అలాగే వదిలి, ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కి సైలెన్సర్ వైపు చూడండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోందని అర్థం. టర్బో పైపుల జాయింట్ల దగ్గర ఆయిల్ తడి ఉందేమో మెకానిక్‌ని చూడమనండి. మూడో గేరులో తక్కువ వేగం నుంచి ఎత్తు ఎక్కించినప్పుడు లాగుడు ఒక్కసారిగా పడిపోకూడదు, చెక్ ఇంజన్ లైటు వెలగకూడదు. సన్నని ఈల శబ్దం మామూలే, అంబులెన్స్ సైరన్‌లా అరిస్తే మాత్రం ఆ కారు వద్దు. స్కానర్ ఉన్న మెకానిక్‌కి ఇచ్చే కూలి ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చౌక.

నీళ్లలో మునిగిన కార్లను కూడా గుర్తుపెట్టుకోండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే మట్టి గీత కనిపిస్తుంది. కడిగినవారు అక్కడిదాకా కడగరు. సీట్ల కింది పట్టాల మీద తుప్పు, మ్యాట్ల కింద ముక్కవాసన కూడా చెబుతాయి.

కాగితాల్లో ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బివ్వండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై ఆంక్షలు పెట్టారు కాబట్టి అక్కడి కార్లు చౌకగా వస్తాయి. ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూస్తే ఆ చౌక ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. మీ పాత బండి అమ్ముతున్నట్లయితే పేరు మారేదాకా వదలొద్దు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదానికి పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

కొన్న వారంలోనే, అమ్మినవారు ఏం చెప్పినా సరే, ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. టర్బో అయితే మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిలే పోయించండి. తర్వాత ఆరు నెలలకోసారి మార్చినా నష్టం లేదు. హైవే మీద వేగంగా వచ్చి సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగినప్పుడు వెంటనే కీ తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజన్ అలాగే నడవనివ్వండి, టర్బో చల్లబడుతుంది. వెనక సీట్లో పిల్లలకి చెప్పులు వెతుక్కోవడానికి ఎలాగూ ఆ నిమిషం కావాలి.