మీకు తెలుసా? బీటిల్‌ సిలిండర్లు విడిగా దొరుకుతాయి!

అంబాసిడర్ ఇంజిన్‌లో సిలిండర్లు అరిగితే బ్లాకు మొత్తాన్ని బోరింగుకు పంపి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ది వేరే దారి. దాని ఎయిర్‌కూల్డ్ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లూ విడివిడిగా, చుట్టూ రెక్కలతో ఉండే పోత ఇనుప గొట్టాలు. అరిగినవి ఊడదీసి, పిస్టన్లతో సహా కొత్త సెట్టు బిగించడమే.

చిక్కంతా సైజు ఎంచుకోవడంలోనే.

1600 ఇంజిన్‌లో కంపెనీ ఇచ్చిన బోరు 85.5 మి.మీ., స్ట్రోకు 69 మి.మీ.; సామర్థ్యం 1584 సీసీ. సిలిండర్లు కూర్చునే క్రాంక్‌కేసునూ హెడ్లనూ తొలవకుండానే 87 మి.మీ. సెట్టు కూర్చుంటుంది, ఇంజిన్ 1641 సీసీ అవుతుంది. కేసులోని అదే రంధ్రంలో పట్టే 88 మి.మీ. సెట్టూ ఉంది. కానీ బయటి కొలత మారకుండా లోపలి బోరు పెరిగిందంటే గోడ పలచబడినట్టే. పలచని గోడ వేడికి గుండ్రం తప్పుతుంది, రింగులు ఆనవు, ఆయిల్ తాగుతుంది.

అలాగని పెద్ద బోరంటే పలచని గోడేనా? కాదు. 90.5, 92 మి.మీ. సెట్లు రెండూ ఒకే కొలతకు తొలిచిన కేసులో పడతాయి. అందుకే 92 గోడ పలచన. 94కు రంధ్రం ఇంకా పెద్దది చేస్తారు కాబట్టి దాని గోడ 92 కన్నా మందం. సామర్థ్యం సుమారు 1915 సీసీ.

బిగించేటప్పుడు పిస్టన్ తలమీది బాణం గుర్తు ఫ్లైవీల్ వైపు ఉండాలి. పిన్ను సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు ఉండటమే అందుకు కారణం.