పైత్యరసం దారి మూసుకుపోతే

కళ్లు పచ్చబడిన రోగి అండమాన్‌లో వైద్యుని దగ్గరకు వచ్చినప్పుడు, ఆ పచ్చదనానికి మూలమేదో తేల్చడం అంత తేలిక కాదు. 1988లో ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతంలో తలెత్తి, వానలు వెనుకపట్టే వేళల్లో మళ్లీ మళ్లీ కనిపించిన ఒక జ్వరాన్ని, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం వల్ల మనుషులు చనిపోతుండడంతో, మొదట అండమాన్ రక్తస్రావ జ్వరమని పిలిచారు. అది ఎలుకల మూత్రంతో కలుషితమైన పొలం నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ అని 1990 దశకంలో పోర్ట్ బ్లెయిర్‌లోని భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం నిర్ధారించింది. నికోబారీలు మొదలైన గిరిజనుల్లో హెపటైటిస్ బి ఎక్కువగా ఉందని వెల్లడించినదీ ఆ కేంద్రమే. కామెర్లనగానే ఈ రెండూ ముందు గుర్తుకు రావడం సహజమే గాని, వీటి చాటున మూడవ రకం మరుగున పడే ప్రమాదముంది.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా తయారుచేసే పైత్యరసం సన్నని నాళాల గుండా పేగులోకి చేరాలి. రాయి గాని, కంతి గాని ఆ దారికి అడ్డుపడితే, రసంలోని పచ్చని రంగు పదార్థమైన బిలిరుబిన్ రక్తంలోకి ఎగదన్నుతుంది. అప్పుడు మలం సుద్దలా తెల్లబడుతుంది, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, ఒళ్లంతా దురద పెడుతుంది. లెప్టోస్పైరోసిస్‌లో కనిపించే జ్వరమూ, పిక్కల నొప్పీ ఇందులో తరచుగా ఉండవు. నొప్పి లేదు కదా అని రోగి తాత్సారం చేసేది ఇక్కడే. దీవుల జనాభాలో 2011 జనగణన ప్రకారం సుమారు 13 శాతంగా ఉన్న తెలుగువారికి కామెర్లకు పసరు మందు, వాతలు కొత్తవి కావు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కనుక ఆ ఘనత పసరుకు దక్కింది, కాని మూసుకుపోయిన నాళాన్ని ఏ పసరూ తెరవలేదు.

అడ్డంకి ఉందో లేదో అల్ట్రాసౌండ్ చాలావరకు చెబుతుంది. ఎక్కడ, ఎంత మేర అన్నది ఎం.ఆర్.సి.పి. అనే అయస్కాంత చిత్రణ చూపుతుంది. ఆపైన వచ్చేది ఇ.ఆర్.సి.పి.: నోటి గుండా ఎండోస్కోపును చిన్నపేగు మొదలు దాకా దించి, పైత్యనాళం తెరుచుకునే చిన్న బొడిపెలోకి సన్నని గొట్టాన్ని పంపి, రంగుద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. 1974లో జర్మనీ, జపాన్ వైద్యులు ఆ ద్వారాన్ని లోపలి నుంచే కోసి రాళ్లు తీయవచ్చని చూపడంతో పరీక్ష కాస్తా చికిత్సగా మారింది. ఈ విద్యలో హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ, దాని వ్యవస్థాపకుడు డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి ప్రపంచ ప్రసిద్ధి పొందారు.

ఆ అడ్డంకి రాయి కాక కంతి అయితే, అది క్యాన్సర్ కావచ్చు. అండమాన్ సముద్రానికి ఆవలి దేశమైన థాయిలాండ్ ఈశాన్య భాగంలో పైత్యనాళ క్యాన్సర్ ప్రపంచంలోకెల్లా ఎక్కువ. ఉడకని మంచినీటి చేపల ద్వారా చేరే కాలేయపు పురుగు అందుకు ప్రధాన కారణం. భారతదేశంలో పిత్తాశయ క్యాన్సర్ గంగా మైదానంలో అధికం, దక్షిణాదిలో తక్కువ.

కంతిని శస్త్రచికిత్సతో పూర్తిగా తీయగలిగితేనే నయమయ్యే ఆశ. చాలామందిలో జబ్బు బయటపడేసరికే ఆ గడువు దాటిపోయి ఉంటుంది. అలాంటివారిలో జెమ్‌సిటాబిన్ అనే కీమోథెరపీ మందుకు సిస్‌ప్లాటిన్ అనే మరో మందు జోడిస్తే సగటు ఆయుష్షు సుమారు 8 నెలల నుంచి 12 నెలల దగ్గరకు పెరుగుతుందని బ్రిటన్‌లో 410 మందిపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆ రెండు మందులకు డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును కలిపిన అధ్యయనం 2022లో వెలువడగా, రెండేళ్లు జీవించినవారు సుమారు 10 శాతం నుంచి 25 శాతానికి చేరారు. అయితే బిలిరుబిన్ బాగా పెరిగి ఉన్నప్పుడు ఈ మందులు మొదలుపెట్టడం కష్టం కనుక, ముందుగా నాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టాన్ని అమర్చి రసం పారేలా చేస్తారు; దురద తగ్గి, ఆకలి తిరిగి పుట్టాక, రక్తపరీక్షలో బిలిరుబిన్ అంకె దిగిందని చూసుకుని కీమోథెరపీ ప్రారంభిస్తారు.