ఆసుపత్రిలో ఆ ఒక్క రాత్రి అవసరమా?

శస్త్రచికిత్స జరిగిన రోజే రోగిని ఇంటికి పంపే డే కేర్ పద్ధతి కొత్తదేమీ కాదు. గ్లాస్గోలో జేమ్స్ నికోల్ అనే వైద్యుడు దాదాపు తొమ్మిది వేల మంది పిల్లలకు ఇలాగే శస్త్రచికిత్స చేసి ఇంటికి పంపినట్టు 1909లోనే వెల్లడించారు. శుక్లాల ఆపరేషన్‌కు ఒకప్పుడు తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి కదలనిచ్చేవారు కాదు. మసకబారిన కటకాన్ని అతిధ్వని తరంగాలతో ముక్కలు చేసి చిన్న కోతలోంచి పీల్చేసే ఫేకో విధానం వచ్చాక రోగి చాలావరకు ఆ పూటే ఇల్లు చేరుతున్నాడు. మన దేశంలో మాత్రం, బీమా సంస్థల డే కేర్ జాబితాలో లేని చికిత్సకు ఆసుపత్రిలో చేరి 24 గంటలు ఉంటేనే సొమ్ము చెల్లించాలన్న, చాలా పాలసీల్లో ఉండే షరతు వల్ల, వైద్యపరంగా అక్కరలేని రాత్రులు కూడా బిల్లులోకి ఎక్కుతుంటాయి.

అయితే కోలార్ బంగారు గనుల ప్రాంతంలో ఏ రాత్రి అవసరమో, ఏది కాదో అన్న లెక్క అంత సులువుగా తేలదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అక్కడి ఛాంపియన్ రీఫ్స్‌లోని గనుల కంపెనీ ఆసుపత్రి దాదాపు రెండు దశాబ్దాలు పాడుబడి, 2021లో కోవిడ్ రోగుల కోసం స్థానికులు శుభ్రం చేస్తేగాని మళ్లీ తెరుచుకోలేదు. పెద్ద వైద్యం కావాలంటే సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కోలార్ పట్టణానికో, వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకో పోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బును వెంట తెచ్చుకున్న పాత గని కార్మికులు ఇక్కడ ఉన్నారు. వారికి పూర్తి మత్తు ఇచ్చాక రక్తంలో ప్రాణవాయువు పడిపోయే ముప్పు ఎక్కువ కనుక, హెర్నియా వంటి మామూలు ఆపరేషన్‌కైనా ఒక రాత్రి పరిశీలనలో ఉంచడం వృథా అనలేం. వెన్నులో మత్తు సూది వేసినవారి సంగతి వేరు: కాళ్లకు స్పర్శ తిరిగి వచ్చి, లేచి నడిచి, మూత్రం సాఫీగా పోసుకున్నాకే పంపాలి, ఎందుకంటే ఆ మత్తు ఒక్కోసారి మూత్రాన్ని బిగబట్టేస్తుంది. గని కార్మికుల వరుస ఇళ్లలో, అంటే ఇరుకైన లైన్ ఇంట్లో, వీధి చివరి ఉమ్మడి మరుగుదొడ్డి మీద ఆధారపడే వృద్ధుడికి ఈ చిన్న విషయమే పెద్ద కష్టం.

కాన్పు దగ్గర మాత్రం తొందరపాటు అసలు పనికిరాదు. ప్రసవానంతర రక్తస్రావం చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది కనుక, సాధారణ కాన్పు తర్వాత 48 గంటలు ఉంచాలన్న ప్రభుత్వ నియమం సహేతుకమైనది. కోలార్ జిల్లాలోని ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల నుంచి వచ్చిన బాలింతను మంచాలు చాలవని మర్నాడే పంపేయడం పొదుపు అనిపించుకోదు.

కాబట్టి బస నిడివిని రోగి వయసు, ఊపిరి, ఇల్లు, దారి చూసి వైద్యుడే నిర్ణయించాలి, బీమా సంస్థలు ఆ నిర్ణయాన్ని మన్నించాలి. ఇంటికి పంపుతున్నామని వైద్యుడు చెప్పినప్పుడు, అర్ధరాత్రి నొప్పో రక్తస్రావమో మొదలైతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఏ ఆసుపత్రికి పరుగెత్తాలో కాగితం మీద రాయించుకున్నాకే కుటుంబసభ్యులు రోగిని వార్డు నుంచి కదిలించాలి.