నందాదేవి ద్వారము: మూయుటయా, తెఱచుటయా?

ఉన్నత పర్వతములను సమీపమునుండి చూడవలెనను కోరిక మానవునకు సహజము. కాని చూడవచ్చినవారి వలననే చూడదగినది చెడిపోవుచున్న యెడల నేమి చేయవలెను? ఈ ప్రశ్నకు హిమాలయములందలి నందాదేవి జాతీయోద్యానవనముయొక్క చరిత్రము మంచి యుదాహరణము.

ఉత్తరాఖండ రాష్ట్రమున చమోలీ జిల్లాయందు 7,816 మీటర్ల యెత్తుగల నందాదేవి శిఖరము కలదు. దానిచుట్టును సుమారు 70 మైళ్ల పర్వతపంక్తి కోటగోడవలె నున్నది. లోపలి నీరంతయు ఋషిగంగ యను నదియై, మిక్కిలి యిఱుకైన లోయగుండ పడమటికి వెలువడును. 1934వ సంవత్సరమున షిప్టను, టిల్మను అను ఆంగ్లేయులు ముగ్గురు షెర్పాలతో గూడ ఆ లోయగుండ లోపలికి బోయిరి. 1936లో టిల్మనును, ఓడెలును శిఖరము నెక్కిరి.

ఒకరు కనుగొనిన త్రోవను పలువురు త్రొక్కుట లోకరీతి. కాలక్రమమున పర్వతారోహకుల బృందములు అధికమాయెను. ఒక్కొక్క బృందముతో బరువులు మోయు కూలీలనేకులు వచ్చెడివారు. వారందఱి వంటకును, చలి కాచుకొనుటకును అచటి చెట్లే వంటచెఱకయ్యెను. అంత యెత్తున వృక్షములు మెల్లగా పెరుగును; అనేక వత్సరముల పెరుగుదల యొక రాత్రి మంటకు చాలదు. విడిచిన డబ్బాలును, కాగితములును ఆ శీతలమున త్వరగా నశింపవు. కస్తూరిమృగములు వేటకు గుఱియయ్యెను.

అందుచేత 1982లో ఈ ప్రదేశము జాతీయోద్యానవనముగా ప్రకటింపబడెను. మఱుసటి సంవత్సరమున లోపలి యావరణము దర్శకులకు మూయబడెను. 1988లో యునెస్కో సంస్థవారు దీనిని ప్రపంచ వారసత్వస్థలముల పట్టికలో జేర్చిరి. 1993లో సైనికులును, శాస్త్రజ్ఞులును లోపలికి బోయి, పూర్వపు బృందములు విడిచిన చెత్తను మోసికొనివచ్చిరి. మనుష్యసంచారము తగ్గినందున చెట్టుచేమలు మరల కోలుకొనుచుండుటను చూచిరి.

అయినను కథ యింతటితో ముగియలేదు. మూసినందువలన కలిగిన నష్టమును భరించిన వారెవరు? దూరదేశములనుండి వచ్చెడి యాత్రికులు మఱియొక పర్వతమునకు బోగలరు. నీతి లోయయందలి లాతా, రేణి మున్నగు గ్రామములవారికి మఱియొక పర్వతము లేదు. వారి మేకలకును, గొఱ్ఱెలకును పూర్వపు మేతబయళ్లు పోయెను. మార్గదర్శకులుగాను, కూలీలుగాను దొరకు వేతనమును పోయెను. 1974లో గౌరాదేవి నాయకత్వమున చెట్లను కౌగిలించుకొని యడవిని నఱుకనీయక కాపాడినది ఈ రేణి గ్రామపు స్త్రీలే. అడవిని రక్షించినవారినే యడవికి దూరము చేయుట న్యాయమా యని వారడిగిరి. 1998లో లాతా గ్రామస్థులు తమ హక్కులకై యుద్యమము నడపిరి. 2001లో యాత్రికుల రాకపోకలు గ్రామస్థుల చేతిమీదుగా, ప్రకృతికి హాని లేకుండ జరుగవలెనని యొక ప్రకటన చేసిరి.

2003లో ప్రభుత్వమువారు మధ్యేమార్గము నవలంబించిరి. లోపలి యావరణమును తెఱవక, వెలుపలి భాగమున నియమిత మార్గమున, పరిమిత సంఖ్యలో, స్థానికులైన మార్గదర్శకులతో యాత్రికులు బోవుటకు సెలవిచ్చిరి.

దీనివలన మనము గ్రహింపవలసినది యేమనగా: ఉద్యానవనమునకు తలుపు మాత్రమే చాలదు. ఎందఱు పోవలెను, ఎంతదూరము పోవలెను, ఆ రాకపోకలవలని లాభమెవరికి చెందవలెను అను మూడు ప్రశ్నలకు సరియైన యుత్తరము కావలెను. విద్యార్థులారా! మీరు విహారయాత్రకై యే కొండకు బోయినను ఈ మూడు ప్రశ్నలను మఱవకుడు. మనము వచ్చినట్లు ఆ కొండకు తెలియకుండ తిరిగివచ్చుటయే యుత్తమ యాత్రికుని లక్షణము.